గడప దాటని చేవ్రాలు

(సత్యవేడులో ఒక ఉపాధ్యాయిని స్మృత్యర్థము జరిగిన సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



ఎవరి జ్ఞాపకార్థము మనమిచట చేరితిమో ఆ ఉపాధ్యాయినిని ఈ ఊరిలో పేరు పెట్టి పిలిచినవారు లేరు. పంతులమ్మ అన్నచో చాలును. తన పేరు రాతిమీద చెక్కింపవలదనియు, కరపత్రములలో అచ్చు వేయింపవలదనియు ఆమె బ్రతికియుండగనే చెప్పియుండుటచే, ఆ మాట మన్నించి నేనును ఆమెను పంతులమ్మ యనియే పేర్కొనెదను. ఆమె బడిలో ఒక నియమముండెను. ఐదవ తరగతి దాటులోపల ప్రతి బాలికయు ఇంటిపేరుతోకూడ తన పూర్తిపేరును తెలుగులోను, అరవములోను, గుండ్రని అక్షరములలో వ్రాయ నేర్వవలెను. రెండు లిపులు ఎందుకమ్మా అని అడిగినవారికి, 1960 ఏప్రిల్ 1వ తేదీవరకు మనము చెంగల్పట్టు జిల్లావారము కామా, మన ఇండ్లలోని పాతకాగితములు ఏ లిపిలో నున్నవో చూచుకొనుడని ఆమె బదులు చెప్పెడిది. ఆ నియమమునకు తోకగా మరియొక హితవుండెను: చదువని కాగితముమీద చేవ్రాలు చేయవలదు.

నేటి నా ప్రసంగమంతయు ఆ రెండవమాటకు వ్యాఖ్యానమే. చేవ్రాలు మనుష్యులే కాదు, రాజ్యములును చేయును. చేసి వెనుకకు లాగుకొనుటయు, చేసి ప్రక్కన చిన్న అక్షరములలో ఒక మినహాయింపు వ్రాసికొనుటయు రాజ్యములకును అలవాటే. స్త్రీల హక్కుల విషయమున ఈ అలవాటు మిక్కిలి ముదిరినది. అది ఏల ముదిరినదో తెలియవలెనన్నచో, హక్కులను కోరినవారి మాటలకంటె, వానిని ఎదిరించినవారి మాటలను ఎక్కువ శ్రద్ధతో చదువవలెనని నా అభిప్రాయము.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 1979 డిసెంబరు 18వ తేదీన స్త్రీలపట్ల సర్వవిధములైన వివక్షను నిర్మూలించుటకు ఒక ఒడంబడికను అంగీకరించెను. ముప్పది అధికరణములుగల ఆ పత్రము 1981 సెప్టెంబరు 3వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఓటు, చదువు, కొలువు, వైద్యము మొదలైనవాటితోపాటు, పొలముపనిలో జీవితము గడుపు పల్లెటూరి స్త్రీకి అప్పును, నీటివసతియు, భూసంస్కరణలలో సమానస్థానమును ఉండవలెనని దాని పదునాలుగవ అధికరణము చెప్పును. పెండ్లిలోను కుటుంబములోను భార్యాభర్తలకు సమానాధికారము లుండవలెనని పదునారవ అధికరణము చెప్పును. నేడు 189 రాజ్యములు దానికి కట్టుబడియున్నవి. కట్టుబడని కొలది రాజ్యములలో ఇరాను, సోమాలియా, సూడానులతో ఒకే వరుసలో కూర్చున్నది అమెరికా సంయుక్తరాష్ట్రము.

అమెరికా చేవ్రాలు చేయలేదా? చేసినది. జిమ్మీ కార్టరు అధ్యక్షుడుగా నున్నపుడు 1980 జూలై 17వ తేదీననే చేసినది. అయితే ఆ దేశపు రాజ్యాంగము ననుసరించి ఏ ఒడంబడికయైనను కట్టుబాటు కావలెనన్నచో సెనేటులో మూడింట రెండువంతుల సమ్మతి వలెను. 1994లో సెనేటు విదేశవ్యవహారముల సంఘము 13 ఓట్లు అనుకూలముగను, 5 ఓట్లు ప్రతికూలముగను పడగా ఈ పత్రమును సిఫారసు చేసినది. 2002లో మరల 12 ఓట్లు అనుకూలముగను, 7 ఓట్లు ప్రతికూలముగను పడగా సిఫారసు చేసినది. రెండు పర్యాయములును అది పూర్తిసభ ముందునకు రాలేదు. ఆ రెండు సిఫారసుల నడుమ, 1995 మొదలు 2001 వరకు, ఆ సంఘమునకు అధ్యక్షుడుగా కూర్చున్న పెద్దమనిషి ఉత్తర కరోలినా రాష్ట్రమునుండి 1973లో సెనేటునకు వచ్చి ముప్పది సంవత్సరములు అచటనే పాతుకొనిపోయిన జెస్సీ హెల్మ్సు.

హెల్మ్సు ఆ ఒడంబడికను ఓడింపలేదు. ఓడింపవలెనన్న చర్చకు రానీయవలెను గదా! ఆయన దానిని సంఘపు బల్లసొరుగులో పెట్టి తాళము వేసికొనెను. 1999 అక్టోబరులో ప్రతినిధిసభకు చెందిన పదిమంది స్త్రీసభ్యులు, ఒడంబడికపై విచారణ జరుపవలసినదని కోరు ఒక లేఖను చేతబట్టుకొని, ఆయన సంఘము సమావేశమైన గదిలోనికి నడచి వచ్చిరి. ఆయన వారిని బయటకు పొమ్మనెను; మాటాడబోయిన ఒకామెను ఆడుదానివలె మర్యాదగా మెలగుమని మందలించెను; తుదకు కావలివారిని పిలిచి గదినుండి పంపివేయించెను. ప్రజలు ఎన్నుకొన్న సభ్యులు, తమ దేశము చేవ్రాలు చేసిన పత్రమునుగూర్చి అడుగవచ్చి, గడప బయట నిలువబడిరి.

ఆయన వాదమేమి? ఈ ఒడంబడిక కుటుంబమునకు విరోధియనియు, తీవ్రవాదినులైన స్త్రీవాదులు తమ సంకల్పములను ప్రపంచ శాసనముగా చేయుటకు పన్నిన పన్నుగడయనియు, గర్భస్రావమునకు ఇది దొడ్డిదారి తెరచుననియు, విదేశీయులతో కూడిన ఒక సంఘము తమ ఇండ్లమీద తీర్పరియై కూర్చుండుననియు ఆయనయు, ఆయన పక్షమువారును చెప్పిరి. బెలారుసు దేశము మాతృదినోత్సవమును మరల ప్రవేశపెట్టుట స్త్రీని ఒకే మూసలో పోయుటయని ఒడంబడిక అమలును పరిశీలించు సంఘము 2000లో ఒక మాట అన్నందుకు, అమ్మల పండుగను కూడ నిషేధింతురట యని వారు ఊరూర చాటిరి. చివరి మాటలో కొంత న్యాయమున్నది. తల్లిని మన్నించు పండుగమీద తీర్పులు చెప్పుటవలన ఏ స్త్రీకిని ఒక గవ్వ లాభము లేదు. స్వతంత్రరాజ్యము తన శాసనములను తానే చేసికొనవలెనన్న మాటలోను తప్పు లేదు. కాని ఆ వాదములన్నింటిని ఒక్కొక్కటిగా ఒలిచి చూచినచో లోపల మిగులునది ఒకే మాట: వీధిలో సమానత్వము ఉండనిండు, ఇంటిలోనికి మాత్రము రానీయకుడు.

ఈ కథ వినుచు మీలో కొందరు నవ్వుచున్నారు. నవ్వుడు. కాని నవ్వు ముగించిన పిదప నాతోకూడ ఇచటనుండి తిరుచానూరుదాక ఒక్కసారి రండు.

అలమేలుమంగ కొలువున్న ఆ తిరుచానూరులో 1891లో జన్మించి, చిత్తూరులో న్యాయవాదియై, స్వాతంత్ర్యపోరాటమున చెరసాలల పాలై, హరిజనసేవకు పూనుకొని, సంస్కృతవిద్యకు తిరుపతిలో నిలువనీడ కల్పించుటకు పాటుపడి, తిరుపతినుండి 1952లోను, చిత్తూరునుండి 1957లోను లోకసభకు ఎన్నికైన మాడభూషి అనంతశయనం అయ్యంగారిని మీకు నేను పరిచయము చేయనక్కరలేదు. వివేకవంతుడు, దేశభక్తుడు, మాటకారి; స్వార్థపరుడని శత్రువులైనను అనలేని మనిషి. అట్టి మహనీయుడు హిందూస్మృతి బిల్లుపై రాజ్యాంగసభవారి శాసనచర్చలలో లేచినపుడు, కుమార్తెకు ఆస్తిలో భాగమనగానే కలవరపడెను. ఆస్తి చేతికి వచ్చిన కన్యలు పెండ్లియే వలదందురేమో, అవివాహితల దండు ఒకటి దేశములో తయారగునేమో, అట్టి ఆపదనుండి భగవంతుడే కాపాడవలెనని ఆయన భయము.

ఈ భయమును ఎగతాళి చేయుట సులభము. నేను చేయను. ఇది ద్వేషమునుండి పుట్టినది కాదు. ఒక తండ్రి, ఒక ఇంటిపెద్ద, తన కనులముందు తిరుగాడు ఇంటిని తలచుకొని పడిన భయము. కాని ఆ భయములోనే ఒక ఒప్పుకోలు దాగియున్నది. ఆస్తి యున్నచో ఆడుది పెండ్లి వలదనునేమోయని జంకువాడు, ఆస్తి లేకపోవుటవలననే నేటి పెండ్లిండ్లు కొన్ని నిలిచియున్నవని తనకు తెలియకయే చెప్పుచున్నాడు. సంస్కర్తలు నూరు ఉపన్యాసములలో ఎత్తిచూపలేని నిజము, ఎదిరించినవాని ఒక్క నిట్టూర్పులో బయటపడినది. అందుచేతనే నేను మొదట, ఎదిరించినవారి మాటలను శ్రద్ధతో చదువవలెనంటిని.

ఆ సభలో ఆయన ఒంటరి కాడు. పొలము ముక్కచెక్కలగుననియు, అన్నచెల్లెండ్రు కోర్టుకెక్కుదురనియు, అల్లుడు వచ్చి బావమరిది గట్టుమీద నిలుచుననియు చెప్పినవారు ఎందరో యుండిరి. రాజేంద్రప్రసాదుగారంతటివారు ఆ బిల్లునకు వ్యతిరేకులు. మన తెలుగుబిడ్డ దుర్గాబాయి ఆ సభలోనే కూర్చుండి బిల్లును సమర్థించెను. దానిని నడిపింప పూనుకొన్న అంబేద్కరుగారు, అది ముందునకు సాగకపోవుట తన రాజీనామాకు ఒక కారణమని చెప్పి 1951 సెప్టెంబరులో మంత్రిపదవిని విడిచిరి. ఇంకొక ముచ్చట గమనింపుడు. ఢిల్లీలో కుమార్తె వాటానుగూర్చి ఈ గుండెదడ సాగుచున్న కాలముననే, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘములో మన ప్రతినిధియైన హంసా మెహతా, పురుషులందరు సమానులన్న వాక్యమును మనుష్యులందరు సమానులని మార్పించెను. ఆ మార్పుతోనే 1948 డిసెంబరు 10వ తేదీన విశ్వమానవ హక్కుల ప్రకటన వెలువడెను. లోకమునకు వాక్యము దిద్దిపెట్టినదియు మనమే. ఇంటిలో అదే వాక్యమునకు జంకినదియు మనమే.

మన పక్కనుండి పారు నీటిని చూచినను ఇదే కథ జ్ఞాపకమునకు వచ్చును. కండలేరునుండి మన మండలపు చేలప్రక్కగా సాగిపోవు తెలుగుగంగ నీరు తుదకు పూండి జలాశయమున చేరును. దానికి సత్యమూర్తి సాగరమని పేరు. మద్రాసు నగరమునకు నీరు తెచ్చిపెట్టిన ఆ సత్యమూర్తిగారు గొప్ప దేశభక్తుడు, గొప్ప వక్త. ఆయనయే, దేవాలయములకు ఆడుబిడ్డలను అంకితము చేయు ఆచారమును మాన్పింప ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో ప్రయత్నించినపుడు, సంప్రదాయము పేరను, కళల పేరను దానిని ఎదిరించెను. శాసనము 1947లోగాని రాలేదు. నీటి విషయమున అంత ముందుచూపుగల మనిషి బిడ్డల విషయమున వెనుకచూపునకు కట్టుబడుట విచిత్రముగా తోచును. కాని నీరు వీధి సంగతి, ఆచారము ఇంటి సంగతి యని ఆయన విభజించుకొన్నాడని తెలిసికొన్నచో విచిత్రము తీరును.

మరల అయ్యంగారియొద్దకు వత్తము. విధి ఎంత చమత్కారము చేయునో చూడుడు. 1956 మార్చిలో ఆయన లోకసభకు స్పీకరు ఆయెను. హిందూ వారసత్వ శాసనము లోకసభలో నెగ్గినది ఆ సంవత్సరము మే నెలలో. రాష్ట్రపతి ముద్ర పడినది జూన్ 17వ తేదీన. ఏ బిల్లును తలచుకొని భగవంతుని శరణు వేడెనో, దాని బిడ్డ పుట్టిన సభకు ఆయనయే పెద్ద. ఇందులో ఆయనకు అగౌరవ మేమియు లేదు. సభ తీర్పునకు తలవంచుట ఆయన పెద్దరికము.

కాని ఆ శాసనము పుట్టినపుడు దానిలో భయస్థుల చేతివ్రాత కొంత మిగిలిపోయినది. తండ్రి స్వార్జితములో కొడుకుతోపాటు కూతురికిని సమభాగమనిరి, సంతోషమే. పిత్రార్జితమునకు వచ్చుసరికి పాత ఉమ్మడికుటుంబమును కదల్పలేదు. లెక్క చెప్పెదను. తల్లి ముందే కన్నుమూసిన ఒక ఇంటిలో తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకొందము; తాతనాటి భూమి 6 ఎకరములు. తండ్రి పోయినపుడు, ఆయన బ్రతికియుండగనే పంపకము జరిగినట్లు భావించి, కొడుకునకు పుట్టుకతో వచ్చిన 3 ఎకరములు ముందుగా తీసియుంచుదురు. మిగిలిన తండ్రివంతు 3 ఎకరములలో కొడుకునకు ఒకటిన్నర, కూతురికి ఒకటిన్నర. వెరసి అన్నకు 4½ ఎకరములు, చెల్లెలికి 1½ ఎకరము. సమానత్వమన్న పేరు పెట్టి పంచిన భూమి ఇది.

అంతకంటె ముఖ్యమైనది ఆ శాసనపు 23వ సెక్షను. దానిని చదివినపుడెల్ల నాకు మన ప్రాంతపు సామెత చెవిలో మారుమ్రోగును: ఆడపిల్ల యనగా ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు. కుటుంబము కాపురమున్న ఇంటిని పంచిపెట్టుమని అడుగుటకు కూతురికి హక్కు లేదు. మగవారసులు తమలో తాము పంచుకొనదలచినపుడే ఆమె వాటా తేలవలెను. అంతదాక ఆ ఇంటిలో నివసించు హక్కైనను ఎవరికి? పెండ్లికాని కూతురికి, భర్త విడిచిన కూతురికి, భర్తను విడిచివచ్చిన కూతురికి, వితంతువైన కూతురికి మాత్రమే. సుఖముగా కాపురము చేసికొనుచున్న ఆడుబిడ్డకు పుట్టింటిలో చాపయైనను లేదు. పార్లమెంటు గడపను, పట్టణపు గడపను, బడి గడపను దాటివచ్చిన శాసనము ఇంటి గడపయొద్ద చెప్పులు విడిచి బయటనే నిలిచినది. అది లోపలికి పోవుటకు 49 సంవత్సరములు పట్టినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండిగాని ఆ సెక్షను తొలగిపోలేదు.

ఈ నడుమ మన రాష్ట్రము చేసిన మేలు చెప్పకపోవుట కృతఘ్నత. ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వకాలమున వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కూతురిని కూడ కొడుకువలెనే పుట్టుకతో ఉమ్మడిహక్కుదారుగా చేసినది. ఇందాకటి 6 ఎకరములు అపుడు తండ్రికి, కొడుకునకు, కూతురికి తలకు 2 చొప్పున పడును. తండ్రి 2 ఎకరములలో చెరి యొకటి చేర్చినచో అన్నకు 3, చెల్లెలికి 3. తమిళనాట ఇదే మార్పు 1989లో వచ్చినది. 1960లో తిరుత్తణిని అటు ఇచ్చి సత్యవేడును ఇటు తెచ్చుకొన్న సరిహద్దు బేరములో ఎవరికేమి లభించినదని పెద్దలు నేటికిని తర్కించుచుందురు. ఈ ఊరి కూతుండ్రకు లభించినదేమో నేను చెప్పెదను: సరిహద్దునకు ఆవల ఊత్తుకోటలోని అక్కచెల్లెండ్రకంటె సుమారు మూడున్నరేండ్లు ముందుగా వచ్చిన హక్కు. కాని ఆ సవరణ నాటికే పెండ్లియైన కూతుండ్రకు అది వర్తింపలేదు. పంతులమ్మ తొలినాటి శిష్యురాండ్రలో మెడలో తాళి పడినవారందరు ఆ ఒక్క వాక్యముచే వెలుపల మిగిలిరి. అవివాహితల దండునకు జంకిన పాతభయము తిరుగబడి, వివాహితలకే శిక్ష వేసినది. 2005 నాటి కేంద్రశాసనమును, 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును కలిసి, ఆ తేడాను తుడిచివేసినవి. కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదే గాని, 2005లో తండ్రి జీవించి యున్నాడా లేడా యన్న ప్రశ్నతో దానికి పని లేదని నేడు నిర్ణయమైనది.

ఇపుడు మరల ఆ అంతర్జాతీయ ఒడంబడికను చూతము. హెల్మ్సు సొరుగులో దాచిన పత్రమును మనము ఏమి చేసితిమి? 1980 జూలై 30వ తేదీన చేవ్రాలు చేసితిమి. 1993 జూలై 9వ తేదీన, తెలుగువాడైన పి.వి.నరసింహారావుగారు ప్రధానిగా నున్నపుడు, ధ్రువీకరించితిమి. అమెరికా చేయని పని మనము చేసితిమని ఛాతి విరుచుకొనుటకు ముందు, పంతులమ్మ మాట విని, కాగితమును చివరిదాక చదువుదము. ఆచారములలోని హెచ్చుతగ్గులను మాన్పవలెనను అయిదవ అధికరణపు మొదటి భాగమును, వివాహకుటుంబములను గూర్చిన పదునారవ అధికరణమును, ఏ సమాజపు స్వంతవ్యవహారములలోను ఆ సమాజము తానై పూనుకొని సమ్మతింపనిదే జోక్యము చేసికొనరాదన్న తన విధానమునకు లోబడి మాత్రమే పాటింతునని భారతప్రభుత్వము ప్రకటించినది. పెండ్లిండ్ల నమోదు నిర్బంధముగా నుండవలెనన్న సూత్రము మంచిదేగాని, ఇన్ని ఆచారములు, ఇన్ని మతములు, ఇంత నిరక్షరాస్యత గల విశాలదేశములో అది ఆచరణసాధ్యము కాదనియు వ్రాసికొన్నది.

హెల్మ్సు పెద్దగొంతుతో అన్నదానిని మనము మెల్లగా, మర్యాదగా, దౌత్యభాషలో అంటిమి. ఆయన వలదని తలుపు మూసెను. మనము సరేనని తలుపు తెరచి, వంటయింటిదాక మాత్రము రావలదంటిమి. సమాజము సమ్మతించినపుడు అనుటలో, సమాజమనగా ఎవరు? ఆ సమాజములో సగమైన స్త్రీలు చేయెత్తి సమ్మతి తెలుపుటకు ఏ సభ ఉన్నది? బహుమతముల దేశములో ప్రభుత్వము తొందరపడరాదన్న జాగ్రత్తను నేను తీసివేయను. బలవంతముగా రుద్దిన సంస్కరణ కొన్నిచోట్ల స్త్రీనే మొదట గాయపరచునని నాకును తెలియును. కాని జాగ్రత్తయు, జంకును ఒకటి కావు. అసాధ్యమని ఢిల్లీ వ్రాసికొన్న పెండ్లి నమోదును మన రాష్ట్రమే 2002లో శాసనముచేసి నిర్బంధము గావించినది. ఆకాశము విరిగి పడలేదు. ఆ ఒడంబడికనే ఆధారముగా గ్రహించి, పనిచేయుచోట స్త్రీలను వేధించుటను ఆపుటకు సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో నియమములు చేసినది; 2013లో అవి శాసనమాయెను. తెల్లవారుజామున మన వీధులలో ఆగు బస్సులెక్కి శ్రీసిటీ కర్మాగారములకు పోవు ఆడుబిడ్డలకు ఆ నియమము గొడుగువంటిది. ఒడంబడిక వీధిలో పనిచేసినది. గడపయొద్దనే ఆగినది.

ఆ గడపను నేను కన్నులార చూచిన ఒక దినమును చెప్పి ముగించెదను. కొంతకాలము క్రిందట తెలిసిన కుటుంబమువారు పిలువగా, సాక్షిగా నిలుచుటకు ఒక సబ్‌రిజిస్ట్రారు కచేరికి పోయితిని. అన్న తెచ్చిన విడుదల దస్తావేజును దస్తావేజు లేఖరి గడగడ చదివెను. నాకు రావలసిన వాటా పసుపుకుంకుమల క్రింద లోగడనే ముట్టినందున, సదరు ఆస్తిలో నాకుగాని నా సంతతికిగాని ఎట్టి హక్కును లేదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను అన్న వాక్యము వచ్చినపుడు, చెల్లెలు తల వంచుకొని ఒడిలోని సంచి కొసను మెలిపెట్టుచుండెను. ఆ సంచిలో ఒక పట్టుచీర, రెండు మూరల మల్లెపూలు, నాలుగు అరటిపండ్లు ఉన్నవి. భూమి విలువ లక్షలలో నున్నది. ఆమె యంత్రముమీద వ్రేలు ఆనించి, ఫొటోకు తల ఎత్తి, కలము తీసికొని, ఇంటిపేరుతోకూడ తన పూర్తిపేరును గుండ్రని అక్షరములలో వ్రాసెను. ఆ వ్రాత పంతులమ్మ దిద్దించినదని నేను గుర్తించితిని.

బయటికి వచ్చిన పిదప మనసాగక, చదివినావా అమ్మా యని అడిగితిని.

"సదివినాను సార్. సంతకం పెట్టకపోతే రేపు పండక్కి పిలిచేవాళ్లు ఎవురు?" అని ఆమె అనెను.

నాకు బదులు దొరకలేదు. అయ్యంగారు, హెల్మ్సు, సత్యమూర్తిగారు, ఢిల్లీలో ఆ ప్రకటన వ్రాసిన అధికారులు, వీరందరు ఎవరి పేరు చెప్పి ఇంటిని కాపాడ బూనిరో ఆ స్త్రీ నా యెదుట నిలిచియున్నది. ఆమెకును ఇల్లే కావలెను. ఆమె అమాయకురాలు కాదు. తన వాటా భూమి నొక ప్రక్క, సంక్రాంతినాడు అన్నయింటి గుమ్మములో వినవచ్చు రా చెల్లీ యన్న పిలుపు నొక ప్రక్క తూచుకొని, తెలిసి తెలిసియే ఆ పిలుపును కొనుక్కొన్నది. సంప్రదాయవాదులు కుటుంబప్రేమను కాపాడవలెననిరి, మంచిదే. కాని హక్కు వదలుకొన్నవారికి మాత్రమే దొరకు ప్రేమను ప్రేమ యనుట ఎట్లు? అది బేరము. కూతురికి భాగమిచ్చినచో ఇల్లు చెడునన్నవారు, భాగము అడిగిన కూతురిని పండుగకు పిలువని ఇల్లు అప్పటికే చెడినదని గ్రహింపలేదు. ఆ మహనీయులను నేను నిందించుట ఈ ఒక్క విషయముననే.

శాసనము చేయగలిగినది ఇంచుమించుగ చేసినది. ఒడంబడిక ప్రక్కన వ్రాసికొన్న మినహాయింపును తొలగించుట ఢిల్లీ పని. తొలగింపవలసినదని అడుగుట మన పని. అన్న యింటి గుమ్మము మాత్రము ఏ పార్లమెంటునకును అందదు. అది అన్నల చేతిలో నున్నది.

కావున ఇచటి సోదరులకు నా విన్నపము. ఇంటికి పోయిన పిదప ఇనుపపెట్టెలోని పట్టాదారు పాసుపుస్తకమును ఒక్కసారి బయటికి తీయుడు. అందులో ఎవరి పేర్లున్నవో, ఎవరి పేరు లేదో చూడుడు. లేని పేరు మీ తోబుట్టువుదైనచో, ఆమె అడుగువరకు ఆగక, రానున్న సంక్రాంతికి ఆమెను ముందుగా పిలిచి, పిదప ఆ పేరు వ్రాయింపుడు. చంటిబిడ్డలతో వెనుకవరుసలలో కూర్చున్న తల్లులకు చెప్పుటకు నావద్ద వేరుమాట లేదు. పంతులమ్మ చెప్పినదే చాలును. చదువని కాగితముమీద చేవ్రాలు చేయకుడు. చదివి, మనసు ఒప్పనిచో, చదివిన తరువాతను చేయకుడు.